అవతలివాళ్ల వాటా

నవంబరు నెల, గురువారం, సాయంత్రం. స్థలం: మా ఊరి రేవులో వలలు దాచుకునే రేకుల షెడ్డు. హాజరైనవారు: కులపెద్ద పోలయ్య, మా అప్ప (అక్క) ఎర్రమ్మ, ఆమె కొడుకూ నా మేనల్లుడూ అయిన దానయ్య, చేపల వేలం పాడే గురమ్మ, ఫోను చేతిలోంచి దించని నూకరాజు, బోట్ల మీద వేటకు వెళ్లే మగవాళ్లు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు, వీళ్లలో చాలామంది పేర్లు నాకు తెలియవు, నేను.

డైరీలో ముందు తేదీ, ఆ తరువాత నా ఎదుట ఉన్నవాళ్ల పేర్లు రాయడం నా అలవాటు. కొత్తవలస స్టేషన్లో గూడ్సు షెడ్డు గుమాస్తాగా చేరిన కొత్తలో పెద్ద గుమాస్తా ఒకాయన నేర్పాడు. ఏం జరిగిందన్నది తరువాత ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటారు, ఎవరెవరు ఉన్నారన్నది మాత్రం అప్పుడే రాసి పెట్టుకోవాలి అనేవాడు. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. అరసవల్లిలో మేము కట్టుకున్న రెండు గదుల ఇంట్లో మా ఆవిడ ఉన్నంతకాలం ఆ వరుసలో మొదటి పేరు ఆమెది. తరువాత పాలవాడు, పక్క వాటాలో అద్దెకున్నవాళ్లు, గుడికి దారి అడిగి మంచినీళ్లు తాగి వెళ్లినవాళ్లు కూడా ఉండేవారు. ఆమె పోయాక పేర్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఇప్పుడు పాలు ప్యాకెట్టులో వస్తాయి. దారి ఫోను చెబుతుంది. చాలా రోజులు ఆ వరుసలో ‘నేను’ అన్న ఒక్క మాటే ఉంటుంది. అందుకే ఆ గురువారం పేజీ చూసుకుంటే నాకే కాస్త వింతగా ఉంది.

నాకు ఫోను చేసి బాగున్నావా అని అడిగే మనిషి ఇప్పుడు ఒక్కడే, దానయ్య. వారానికోసారి చేస్తాడు. మాటలు ఎక్కువ ఉండవు. తిన్నావా మావా, మందులు ఉన్నాయా, సరే. ఆ ముందురోజు మాత్రం ఇంకో మాట అన్నాడు. “మావా, రేపు రేవులో కూటం ఉన్నాది. అమ్మ నిన్ను రమ్మంతంది. నువ్వు సదువుకున్నోడివి, నువ్వొచ్చి వద్దని సెప్పు, అందరూ వింతారు.” దేనికి వద్దని చెప్పాలిరా అంటే, “అవతలోల్లకి సాయమట” అని ఫోను పెట్టేశాడు.

అవతలోల్లు అంటే సముద్రానికి అవతల ఉన్న దేశంవాళ్లు. ఆ దేశం పేరు మా రేవులో ఎవరూ పలకరు, నేనూ ఇక్కడ రాయను. పేద దేశం. ఆ నెలలో తుపాను వచ్చి అక్కడి లంక ఊళ్లమీదికి సముద్రం ఎక్కింది. మన తీరం వెంట ఉన్న వేటగాళ్ల ఊళ్లు ఒక మాట అనుకుని, ఊరికొక రోజు వేట వాళ్లకు పంపుదామన్నాయి. మిగతా ఊళ్లలో ఎలా ఉందో తెలియదు గాని, మా ఊళ్లో అది సులువైన మాట కాదు. కొన్నేళ్ల కిందట దానయ్య బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయి, నీటివాలున ఆ దేశం హద్దులోకి కొట్టుకుపోయింది. వాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారు. ఏడాది పైన ఉన్నాడు. ఆ మధ్యలోనే వాడి తండ్రి, మా బావ, పోయాడు. తలకొరివి పెట్టడానికి కొడుకు లేడు. దానయ్య తిరిగొచ్చాక జైలు సంగతి ఎవరు అడిగినా చెప్పలేదు. చెప్పుకోడు గనుక మరిచిపోయాడని మేమందరం అనుకున్నాం.

బస్సు దిగి సరుగుడు తోటల మధ్య నడుస్తుంటే నాకు రావలసిన వాసన రాలేదు. నా చిన్నతనంలో మా ఊరి వాసన చేపలది కాదు, వలలది. అప్పుడు వలలు నూలువి. ఉప్పునీటికి కుళ్లిపోకుండా చెట్టు బెరడు పెద్ద కాగులో ఉడికించి, ఆ ఎర్రటి కషాయంలో వలను నానబెట్టి, ఇసుక మీద ఆరవేసేవారు. ఆ వగరు వాసన తాటాకు ఇళ్లకీ, మా బట్టలకీ, మా అమ్మ చేతులకీ పట్టి ఉండేది. ఇళ్ల చూరులు ఎంత కిందికి ఉండేవంటే పిల్లలం కూడా వంగి లోపలికి వెళ్లేవాళ్లం. గాలికి ఎగిరిపోకుండా అలా కట్టేవారు. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, ఎండుచేప ముక్క. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని అడ్డపొగ తాగేది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్ల అలవాటు. బయటివాళ్లు చూస్తే భయపడతారు. మాకు మాత్రం అమ్మ నోట్లో నిప్పు ఉన్నంతసేపూ తిట్లు ఉండవని నిశ్చింత. అయ్య, అంటే మా నాన్న, తక్కువ మాట్లాడేవాడు. వలను ముట్టుకునే ముందు కాళ్లు కడుక్కునేవాడు. అన్నానికి ముందు మరిచిపోయినా దానికి మాత్రం మరిచిపోయేవాడు కాడు.

ఊరికంతా ఒక పెద్దవల ఉండేది. తెప్ప మీద తీసుకెళ్లి సముద్రంలో వంపుగా వేసి, రెండు కొసల తాళ్లను ఒడ్డున నిలబడి ఊరంతా లాగే వల అది. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు లాంటి చేపలు ఇసుక మీద వెండిలా పడ్డాక పంపకం అయ్య చేసేవాడు. వలకు ఒక వాటా, తెప్పకు ఒక వాటా, తెప్ప మీద వెళ్లినవాళ్లకు, తాడు లాగినవాళ్లకు వాటాలు. తాడు ముట్టినవాడు ఎవడైనా వాటా ఉన్నవాడే. కళ్లు కనబడని ముసలమ్మ ఒకామె ఉండేది. రోజూ ఎవరో ఒకరు ఆమెను తీసుకొచ్చి తాడు చివర కూర్చోబెట్టి, తాడు ఆమె అరచేతిలో పెట్టేవారు. ఆమె లాగేది లేదు, పట్టుకునేది అంతే. ఆమెకూ ఒక కుప్ప పడేది. అది దానం అని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. కుప్ప చిన్నదిగా ఉందని అయ్యను తిట్టేది కూడా.

నాకు రాయడం రాకముందే ఉప్పెన వచ్చింది. అందుచేత అది నా డైరీల్లో ఎక్కడా లేదు. తల్లీపిల్లలందరం ఇసుక దిబ్బమీద తాటిచెట్లకు కట్టుకున్న తాళ్లు పట్టుకుని ఉండటం, తెల్లవారాక కిందికి చూస్తే ఊరు ఉండవలసిన చోట ఊరు లేకపోవడం, నాకు గుర్తున్నది ఇంతే. తెప్పలు పోయాయి. పెద్దవల పోయింది. తాడు చివర కూర్చునే ముసలమ్మ దొరకలేదు. మా నాయనమ్మా దొరకలేదు. కొన్నాళ్లు నీటి చెలమలన్నీ ఉప్పగానే ఉన్నాయి. కొన్నాళ్లకు సాలూరు లారీ ఒకటి సరుగుడు తోటల దాకా వచ్చి, ఇసుకలో దిగబడి ఆగింది. దాంట్లో పసుపుపచ్చ మొక్కజొన్న పిండి బస్తాలు, మందపాటి ఉన్ని దుప్పట్లు వచ్చాయి. బస్తాల మీద మాకు తెలియని అక్షరాలు. ఏ దేశానివని అడిగితే దించినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. దుప్పట్ల కట్టలో, ఎలా వచ్చిందో, మోకాళ్ల కిందికి దిగే నల్లకోటు ఒకటి వచ్చింది. కలరా ఉండల వాసన. మండుటెండలో మగవాళ్లందరూ దాన్ని ఒకరి తరువాత ఒకరు తొడుక్కుని చూసి, ఆ రోజుల్లో మొదటిసారి నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. నోట్లోంచి చుట్ట తీసి, “పాపం, ఆల్ల ఊల్లో ఎంత సలో. ఇది మనకిచ్చీసినారు, ఇప్పుడు ఆల్లేటి కప్పుకుంటారు?” అంది.

ఇంటికింత అని జాబితా రాసుకొచ్చిన కళ్లద్దాలాయన పంచిపెట్టి వెళ్లిపోయాడు. ఆయన లారీ కనుమరుగు కాగానే అయ్య అందరి దగ్గరా అన్నీ వెనక్కి తెప్పించి, ఇసుక మీద కుప్పలు పోయించి, మొదటినుంచీ మళ్లీ పంచాడు. మా వాళ్లకు తెలిసిన పంపకం ఒక్కటే, వల పంపకం. వలకు వాటా, తెప్పకు వాటా. మర్నాడు సరిచూసుకోవడానికి వచ్చిన కళ్లద్దాలాయనకు తెప్ప పేర విడిగా పెట్టిన దుప్పటి కనబడింది. మోసం పట్టుకున్నట్టే చూశాడు.

“తెప్పకి దుప్పటి ఎందుకయ్యా?”

“తెప్పకి వాటా నేకుండా ఎప్పుడేనా పంచినావా బాబూ,” అన్నాడు అయ్య.

“అసలు తెప్ప ఏదీ?”

“పోనాది. పోనోల్లకి వాటా ఉండదేటి?”

ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఇంకో కుప్ప చూపించాడు. కుండెడు పిండి, మూతికి గుడ్డ కట్టి, అన్నిటికీ కాస్త ఎడంగా ఉంది. ఇదెవరిది అన్నాడు. అయ్య సముద్రం వైపు చెయ్యి చూపించి, “ఆల్లది” అన్నాడు. “తాడు ఈ కొస మనం అట్టుకున్నాం. ఆ కొస ఎవలో అట్టుకున్నారు గదా. ఆల్ల వాటా ఆల్లకుండాల.” ఆయన జాబితాలో ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తెలియదు. ఆ కుండను అయ్య కొత్తగా వేసుకున్న పాక దూలానికి ఉట్టి కట్టి వేలాడదీశాడు. వాళ్లకు ఎప్పుడైనా ముంపు వస్తే పంపాలని. కోటును మాత్రం ఎండుచేపలు ఆరేసిన చోట గెడకు తొడిగారు. కాకులు చాలాకాలం దానికి భయపడ్డాయి.

నేను తరువాత హాస్టల్లో ఉండి చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, ఊరికి చుట్టపుచూపుగానే వచ్చాను. కాని ఆ ఉట్టి మీది కుండ నా మనసులో అలాగే వేలాడుతూ ఉండిపోయింది. గూడ్సు షెడ్డులో కూర్చుని ఎక్కడెక్కడికో వెళ్లే సరుకులు చూస్తున్నప్పుడు, మా ఇంటి నుంచి వెళ్లవలసింది ఒకటి ఉండిపోయిందని అప్పుడప్పుడు అనిపించేది. మా ఆవిడకు ఒకసారి చెబితే, “ఎవరికని పంపుతారు, అడ్రసు ఉందా?” అని నవ్వింది.

గురువారం కూటంలో ముందు పోలయ్య సంగతి చెప్పాడు. పోలయ్య నాకంటే చిన్నవాడు, అయినా ఊరికి పెద్ద గనుక పెద్ద అనే పిలుస్తారు. రేపటి వేట అమ్మిన డబ్బు మిగతా ఊళ్లతో కలిపి పంపుదామా వద్దా అన్నాడు. నూకరాజు ఫోను పైకెత్తి, “ఫోన్లో గీతల బొమ్మ ఒకటి వస్తంది పెద్దా. దానికి కొడితే ఎవడి జేబులోకి ఎల్తాదో ఎవలికి తెలుసు?” అన్నాడు. అది నిజమే, డబ్బు పంపమనే క్యూఆర్ కోడ్ బొమ్మలు నాకూ వచ్చాయి. ఫోను బొమ్మలకు కాదు, మన వేటగాళ్ల సంఘంవాళ్లే తీసుకెళ్లి కలెక్టరాఫీసులో కడతారని పోలయ్య చెప్పాడు. గురమ్మ వెనకనుంచి, “పేదోల్లకి పేదోల్లు పెట్టడవేటి? ఉన్నోల్లు నేరా దేశంలో?” అంది. “నీ గంపలోంచి ఏటీ అడగనేదు గదా గురమ్మా, నీ నోటికేటి తొందర?” అని ఎవరో అంటే, “నా గంప జోలికొస్తే నోరేటి, సెయ్యే వస్తాది” అంది. అందరూ నవ్వారు. దానయ్య నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

“నాకు ఎక్కువ మాటలు రావు. ఆల్ల జైల్లో నానుండగా మా అయ్య సచ్చిపోనాడు. ఆ కబురు నాకు ఎప్పుడు తెలిసిందో తెలుసా? వొగ్గీసినాక, రైలెక్కినాక. అదీ ఈ ఊరోడే సెప్పినాడు. ఆల్లలో ఒక్కడు, ఒక్కడు, నీ ఇంటికాడ ఎలగుందిరా అని అడగనేదు. ఇప్పుడు ఆల్లింటికాడ ఎలగుందో నానడగాలా? నా సెమట ఆల్లకెల్లదు.” ఆ మాట తరువాత వాడు నా వైపు చూశాడు. “మావని అడగండి. మావ సెప్తాడు.”

షెడ్డులో అందరూ నా వైపు తిరిగారు. ఒక మాట చెప్పాలి. ఇంతమంది నా నోటివైపు చూసి ఎన్నాళ్లయిందో. వద్దు అంటే దానయ్య వారం వారం ఫోను చేస్తాడు. ఇవ్వండి అంటే చేస్తాడో చేయడో. ఆ లెక్క వేయకుండా నేను మాట్లాడానంటే అబద్ధమవుతుంది. వేశాను. వేసి, ఎవరి పక్షమూ చేరకుండా ఉందామన్నట్టు, తాడు సంగతి, కుండ సంగతి చెప్పాను. ఇప్పటి కుర్రాళ్లకు పెద్దవల తెలియదు. నైలాను వలలు, ఇంజన్లు, ఐసు డబ్బాలు వచ్చాక ఊరంతా ఒక తాడు లాగడం ఎప్పుడో పోయింది. అయినా విన్నారు. చివర, “ఆ కుండ వెళ్లవలసిన చోటికి వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లవచ్చునేమో అనిపిస్తోంది,” అన్నాను.

అప్పటిదాకా మా అప్ప ఓ మూల వలకుప్ప మీద కూర్చుని అడ్డపొగ తాగుతోంది. అమ్మ పోయాక ఆ అలవాటు ఆమెకు వచ్చింది. చుట్ట నోట్లోంచి తీసి, బూడిద దులిపి, అంది:

“ఆ కుండ ఏటెల్తాదిరా? అది మనవే తినీసినాం.”

నాకు అర్థం కాలేదు. “ఎప్పుడు?” అన్నాను.

“ఆ మరసటేడు ఆసాడంలో. సముద్రం పొంగి నెల్లాల్లు తెప్ప దిగనేదు. ఇంట్లో ఏటీ నేదు. నీకు జొరం. అయ్య ఉట్టి దించి అమ్మ ముందెట్టి బయటికెల్లిపోనాడు. నానే కలిపినాను సంకటి. పసుప్పచ్చగా ఉన్నాది, పురుగులు ఏరినాను. నువ్వే ఎక్కువ తిన్నావు. మల్లీ నింపి ఎడతానన్నాడు అయ్య. ఎట్టకుండానే సచ్చిపోనాడు.”

షెడ్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వవలసిందే. పెద్దమనిషి జీవితమంతా ఆకాశంలో వేలాడదీసుకున్న కుండ ఆయన కడుపులోనే ఉంది. దానయ్య ముఖంలో కూడా చిన్న నవ్వు వచ్చి పోయింది. “సూసినావా మావా,” అన్నాడు, “నీకే తెలవదు.”

“ఆడికి తెలవదు, నాకు తెలుసు,” అంది అప్ప. “తిన్నాను గాబట్టి సెప్తన్నాను. ఇయ్యండి.”

“అమ్మా, అయ్య సచ్చిపోతే కొరివెట్టడానికి నన్ను రానీనేదే ఆల్లు.”

“నాకు సెప్తన్నావా? నీ అయ్య పక్కన కూకున్నది నాను. నువ్వొస్తావని గుమ్మంకేసి సూసి సూసి సచ్చిపోనాడు. నిన్ను అట్టుకున్నోడూ, ఇప్పుడు నీట్లో ములిగిపోనోడూ ఒకడేనేటిరా?”

“ఒకడో కాదో నాకు తెలవదు. కల్లు మూసుకుంటే నాకు అగుపడీ మొకాలు ఆల్లవే.”

దానయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ నా వైపు చూడలేదు. పోలయ్య లేచి, “రేపొద్దున పాతకాలంలాగ ఇసక మీదే కుప్పలేస్తాం. ఇచ్చీవోల్లు ఆల్ల కుప్ప అక్కడే ఒగ్గుతారు, అట్టుకెల్లీవోల్లు అట్టుకెల్తారు. ఎవలూ ఎవలి మొకం సూడకండి” అని కూటం ముగించాడు.

రాత్రి అన్నానికి అప్ప నన్ను వసారాలో కూర్చోబెట్టింది. ప్రభుత్వం కట్టించిన సిమెంటు ఇల్లు. చూరు ఎత్తుగానే ఉంది, అయినా నేను అలవాటుగా వంగి వచ్చాను. దానయ్య అన్నానికి రాలేదు, పక్క వీధిలో ఎక్కడో తిన్నాడట. చింతపండు పులుసులో కానాగంతలు. మా ఆవిడ పోయాక ఇంట్లో చేప వండలేదు. పెద్ద ముక్క నా వైపు తోసి, నేను తింటూంటే అప్ప చూస్తూ కూర్చుంది. ఆ పసుపుపచ్చ సంకటి రుచి నాకు బాగా గుర్తున్నది. ఉప్పెన తరువాత మాకు ఎవరో పెట్టినది అనుకుంటూ, ఇన్నేళ్లూ ఆ రుచికి మురిసిపోయాను. అది వేరేవాళ్ల కోసం దాచిన తిండి అని, ఆ పూట అయ్య ముఖం చూపించలేక బయటికి వెళ్లిపోయాడని ఇప్పుడు తెలిసింది. అప్పుడు ఇంట్లో ఏమీ లేదు గాని, ఎదుట ఉన్నవాళ్ల పేర్లు రాస్తే పేజీ చాలేది కాదు. ఇప్పుడు నా ఇంట్లో బియ్యం డబ్బా నిండుగానే ఉంటుంది. “దానయ్యకి నా మీద కోపం వచ్చిందంటావా?” అని అడిగాను. “వస్తే వచ్చింది. ఆడే ఫోను సెయ్యాలేటి, నీకు రాదేటి?” అంది. నిజమే. ఇన్నేళ్లలో వాడికి నేను చేసింది తక్కువ.

మర్నాడు పొద్దున్నే రేవుకు వెళ్లాను. బోట్లన్నీ చీకటితోనే వెళ్లిపోయాయి. దానయ్య బోటు ఒక్కటే ఇసుక మీద ఉంది. వాడు దానికి ఆనుకుని వల చిక్కులు తీస్తూ కూర్చున్నాడు. నేను వెళ్లి కాస్త దూరంలో నిలబడ్డాను. తల ఎత్తకుండా చిక్కులు తీస్తూనే ఉన్నాడు. ఎండ ఎక్కాక బోట్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఇన్ని మారినా బోటును ఇసుక మీదికి ఎక్కించడానికి ఇప్పటికీ తాడూ చేతులే కావాలి. మొదటి బోటుకు మనుషులు చాలలేదు. ఎవరూ పిలవలేదు గాని నేను వెళ్లి తాడు చివర పట్టుకున్నాను. లాగడానికి నా దగ్గర బలం లేదు, పట్టుకున్నాను అంతే. రెండో బోటుకు నా ముందు తాడు ఒక్కసారి బిగుసుకుంది. చూస్తే దానయ్య. అన్ని బోట్లూ ఎక్కేదాకా లాగాడు.

పోలయ్య కుప్పలు పోయించాడు. బోటుకు, వలకు, ఇంజనుకు, మనుషులకు. తాడు పట్టినవాళ్లకు. దానయ్య పేర ఒక కుప్ప పడింది. వాడు దానివైపు ఒకసారి చూసి, చేతులకంటిన ఇసుక దులుపుకుని, తన బోటు వైపు వెళ్లిపోయాడు. తీసుకోలేదు. ఒగ్గేశాననీ అనలేదు. కొందరు తమ కుప్పలు గంపల్లోకి ఎత్తుకున్నారు, కొందరు వదిలేశారు. పోలయ్య చెప్పినట్టు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

తరువాత నా పేర ఒక కుప్ప పోశారు. నెత్తళ్లు, నాలుగు కానాగంతలు. నేను ఊరు వదిలినప్పటినుంచీ నా పేర ఇసుక మీద కుప్ప పడటం ఇదే మొదటిసారి. దాన్ని చూస్తూ నిలబడిపోయాను.

అప్ప కర్ర ఆనించుకుంటూ వచ్చింది. “సంచీ తేనేదేటి?” అంది.

“ఇక్కడే ఉంచేస్తానప్పా. ఇంట్లో వండేవాళ్లెవరూ లేరు గదా.”

“అందుకైతే ఇయ్యకు. అక్కర్లేంది ఇచ్చీడానికి ఇదేటి, ఆ నల్లకోటా? నీకు కావాలా, వద్దా, అది సెప్పు.”

నాకు కావాలి. ఆ కుప్పను సంచీలో వేసుకుని, బస్సులో జనం ముక్కులు మూసుకుంటున్నా ఒళ్లో పెట్టుకుని, అరసవల్లిలో నా గుమ్మం ముందు దింపాలని ఉంది. వీధివాళ్లు ఎక్కడివండీ అని అడగాలని, మా ఊళ్లో నా వాటా అని చెప్పాలని ఉంది. అప్పకు ఆ మాటే చెప్పాను. ఆమె తలూపింది. నేను వంగి, నా చేపలను రెండు చేతులతో ఎత్తి దానయ్య కుప్ప పక్కన పోశాను.

గురమ్మ వేలానికి గంప తెచ్చి, మిగిలిన కుప్పల ముందు ఆగింది. “ఇయ్యెవలివి?” అంది. దూరంగా బోటు దగ్గర దానయ్య వల మీదినుంచి తల ఎత్తాడు. అప్ప చుట్ట తీసి, కొంగుతో ఈగలను తోలుతూ, ఆ కుప్పల పక్కన ఇసుకలో కూర్చుంది.

“ఆల్లవి,” అంది.